రవ్వ పలుకంత నత్త.. దానికీ ఒక ఫైలు!

ఉప్మా రవ్వ డబ్బా మూత తీసి, ఒక్క పలుకును వేలి కొన మీద పెట్టుకుని చూడండి. దాదాపు అంతే సైజులో ఒక నత్త ఉంది. దానికీ గుల్ల ఉంటుంది. ఆ గుల్లకు మెలికలు తిరిగిన చుట్లుంటాయి, ఒక నోరు ఉంటుంది. పేరు ఆక్మెల్లా నానా. ఉండేది బోర్నియో దీవిలో, మలేసియాకు చెందిన సబా రాష్ట్రంలో. గుల్ల ఎత్తు దాదాపు 0.7 మిల్లీమీటర్లు. అది ఎన్ని వేల ఏళ్ల నుంచి అక్కడ ఉందో గానీ, సైన్స్ రికార్డుల్లోకి ఎక్కింది మాత్రం 2015లోనే.

నోటిఫికేషన్లు, ఇంటర్వ్యూ టిప్స్ వెతుక్కునే పేజీలో ఈ నత్త గోల ఏంటి అనుకుంటున్నారా? కారణం ఉంది. నేను చదివింది ఇంజినీరింగ్, రాసేది టెక్నాలజీ గురించి. కొత్త జాతిని పరిచయం చేసే పేపర్ ఒకటి మొదటిసారి చదివినప్పుడు, అది జువాలజీ పాఠంలా అనిపించలేదు. పకడ్బందీగా రాసిన టెక్నికల్ డాక్యుమెంట్‌లా కనిపించింది. కొలతలు, పోలికలు, నమూనా ఎక్కడుందో చెప్పే నంబర్, పాత వెర్షన్‌తో తేడాలు.. అన్నీ ఉన్నాయి. ఇంత పని తెలిసినవాళ్లు ప్రపంచంలో చాలా తక్కువ మంది. వాళ్లు రాసేలోపే కొన్ని జాతులు మాయమైపోతున్నాయి. అందుకే ఈ పని ఎలా జరుగుతుందో, అందులో మనలాంటివాళ్లకు చోటెక్కడో చూద్దాం.

ఐదు వారాల రికార్డు

2015 సెప్టెంబరు చివర్లో ‘జూకీస్’ అనే సైన్స్ జర్నల్‌లో ఒక పేపర్ వచ్చింది. దక్షిణ చైనాలోని గ్వాంగ్షీ ప్రాంతంలో, సున్నపురాయి కొండల అడుగున తీసిన మట్టిలో దొరికిన నత్తల గురించి అది. అందులో ఒకటి అంగుస్టోపిలా డొమినికే. ఎత్తు 0.86 మిల్లీమీటర్లు. సూది బెజ్జంలో ఇలాంటివి పది పడతాయని పత్రికలు రాశాయి. ప్రపంచంలోకెల్లా చిన్న నేల నత్త ఇదేనన్నారు.

ఆ కిరీటం నిలిచింది సుమారు ఐదు వారాలే. నవంబరు మొదట్లో అదే జర్నల్‌లో యాప్ వెర్మ్యూలెన్, లియూ థోర్ సెంగ్, మెన్నో స్కిల్ట్‌హౌజెన్ రాసిన పేపర్ వచ్చింది. సబాలోని నేల నత్తల మీద రాసిన ఆ ఒక్క పేపర్‌లోనే 48 కొత్త జాతులున్నాయి. వాటిలో ఆక్మెల్లా నానా ఒకటి. ఆ రికార్డు కూడా ఆగలేదు. 2022లో ఉత్తర వియత్నాంలోని ఒక గుహ మట్టిలో దొరికిన అంగుస్టోపిలా సామియాన్ వార్తల్లోకి వచ్చింది. దాని గుల్ల ఎత్తు అర మిల్లీమీటరు దరిదాపుల్లోనే.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి ఉంది. ఆక్మెల్లా, అంగుస్టోపిలా దగ్గరి చుట్టాలు కావు. ఆక్మెల్లా కుటుంబంలోని చాలా నత్తలు సముద్రపు ఒడ్డున, మడ అడవుల్లో బతుకుతాయి. అంగుస్టోపిలా ఊపిరితిత్తులతో గాలి పీల్చే నత్తల వర్గానిది. వేర్వేరు దారుల్లో వచ్చిన రెండు వంశాలు, సున్నపురాయి సందుల్లో బతకడానికి విడివిడిగా ఇంత చిన్నవైపోయాయి. ‘చిన్న నత్త’ అని ఒకే బుట్టలో వేసేస్తే ఈ కథ మనకు కనిపించేదే కాదు. ఏది ఏమిటో విడమరిచి రాసినవాళ్లుండబట్టే తెలిసింది.

బకెట్, నీళ్లు, జల్లెడ

ఇంత చిన్నదాన్ని అడవిలో ఎలా పట్టుకుంటారు? కళ్లతో వెతికితే దొరకదు. దీనికి వాడే సామాను మన ఇంట్లో కూడా ఉంటుంది.

సున్నపురాయి కొండ అడుగున రాలిన ఆకులు, మట్టి సంచుల్లోకి తీసుకుంటారు. ముందు పెద్ద కన్నాల జల్లెడతో రాళ్లు, కొమ్మలు ఏరేస్తారు. మిగిలిన మట్టిని బకెట్ నీళ్లలో వేసి బాగా కలుపుతారు. ఇసుక, బంకమట్టి కిందికి దిగిపోతాయి. ఖాళీ గుల్లల్లో గాలి ఉంటుంది కాబట్టి అవి పైకి తేలతాయి. విత్తనాల వడ్లను నీళ్లలో పోస్తే తాలు గింజలు పైకి తేలడం మనకు తెలుసు కదా, సరిగ్గా అదే సూత్రం. తేడా ఒక్కటే. మనం తేలినవి పారబోస్తాం, వాళ్లు తేలినవే దాచుకుంటారు. వాటిని సన్నని జల్లెడలో ఒంపి, ఆరబెట్టి, మైక్రోస్కోప్ కింద ఒక్కొక్కటిగా విడదీస్తారు.

సున్నపురాయి కొండల దగ్గరే ఎందుకు? నత్త గుల్ల తయారయ్యేది కాల్షియం కార్బొనేట్‌తో. సున్నపురాయి కూడా అదే. ముడిసరుకు కాళ్ల కిందే ఉన్నట్టు. పైగా నత్త చచ్చిపోయాక గుల్ల అక్కడి మట్టిలో తొందరగా కరిగిపోదు. అందుకే ఒక్క బకెట్ మట్టిలో వందల గుల్లలు దొరికే చోట్లు కూడా ఉన్నాయి.

ఇలా దొరికేవన్నీ దాదాపు చనిపోయిన నత్తల గుల్లలే. అంటే చాలా మైక్రో నత్తల విషయంలో శాస్త్రవేత్తల చేతిలో ఉన్నది ఇల్లు మాత్రమే, ఇంట్లో మనిషి లేడు. ఆక్మెల్లా నానా ఏం తింటుందన్నది కూడా దాని దగ్గరి బంధువును చూసి వేసిన అంచనానే. గుహల్లో తడి రాళ్ల మీద పలచటి పొరలా పెరిగే బ్యాక్టీరియా, శిలీంధ్రాలను గీక్కుని తింటుందని భావిస్తున్నారు.

దొరకడం వేరు.. జాతిగా నిలవడం వేరు

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. మైక్రోస్కోప్ కింద తెలియని గుల్ల కనిపించినంత మాత్రాన కొత్త జాతి పుట్టదు. జంతువుల పేర్లకు ఒక అంతర్జాతీయ నియమావళి ఉంది. ఇప్పుడు నడుస్తున్న నాలుగో ఎడిషన్ 2000 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. లెక్క మాత్రం 1758 నుంచి మొదలు. ఆ ఏడాది వచ్చిన లిన్నేయస్ పుస్తకం పదో ఎడిషన్‌ను జంతువుల పేర్లకు ఆరంభంగా ఒప్పుకున్నారు. నియమాల సారాంశం ఇది:

● పేరు రెండు మాటల్లో ఉండాలి. మొదటిది ప్రజాతి, రెండోది జాతి. ఇంటిపేరు, సొంతపేరు లాగన్నమాట.

● ఒక్క నమూనాను ‘హోలోటైప్’గా ప్రకటించాలి. ఈ పేరు ఎవరిదన్న గొడవ వస్తే చివరి మాట ఆ గుల్లదే. దాన్ని ఏ మ్యూజియంలో, ఏ సంస్థలో ఉంచుతున్నారో పేపర్‌లో రాయాలి.

● మిగతా జాతుల నుంచి దీన్ని వేరు చేసే లక్షణాలేంటో మాటల్లో చెప్పాలి. బొమ్మ ఒక్కటే సరిపోదు.

● పేపర్ అచ్చవ్వాలి. ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చేదైతే ‘జూబ్యాంక్’ అనే రిజిస్టర్‌లో నమోదు కావాలి. ఆన్‌లైన్ ప్రచురణను ఒప్పుకున్నది 2012లోనే.

● ఒకే జాతికి ఇద్దరు రెండు పేర్లు పెడితే, మామూలుగా ముందు వచ్చిన పేరే నిలుస్తుంది.

సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. హోలోటైప్ అంటే రిఫరెన్స్ కాపీ. జూబ్యాంక్ నంబర్ అంటే యూనిక్ ఐడీ. ముందు వచ్చిన పేరుదే హక్కు అన్నది, డొమైన్ పేరు ఎవరు ముందు రిజిస్టర్ చేస్తే వాళ్లదే అన్నట్టు. మన దేశంలో దీనికి చట్టం కూడా తోడైంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం, ఇక్కడ కొత్త జాతి దొరికితే ప్రభుత్వం గుర్తించిన రిపాజిటరీకి తెలియజేసి, నమూనాను అక్కడ ఉంచాలి. జంతువుల విషయంలో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, అంటే జడ్‌ఎస్‌ఐ, అలాంటి రిపాజిటరీ.

ఒక గుల్లను ‘చదవడం’

ఇంతకీ 0.7 మిల్లీమీటర్ల గుల్ల గురించి పేజీలకు పేజీలు ఏం రాస్తారు? చాలా ఉంటుంది.

మొదట ఎత్తు, వెడల్పు. ఒక్క గుల్లవి కాదు, దొరికినన్ని గుల్లలవి. మనుషుల్లో పొడుగూ పొట్టీ ఉన్నట్టే నత్తల్లోనూ తేడాలుంటాయి. ఒక్కదాన్ని కొలిచి ‘ఇది చిన్నది, కాబట్టి కొత్తది’ అంటే ఎవరూ ఒప్పుకోరు. ఆక్మెల్లా నానా ఎత్తును కూడా ఒకే అంకెగా ఇవ్వలేదు. సుమారు 0.60 నుంచి 0.79 మిల్లీమీటర్ల వరకు అని ఇచ్చారు.

తర్వాత చుట్లు. గుల్ల కొన నుంచి మొదలుపెట్టి ఎన్ని మెలికలు తిరిగిందో లెక్కిస్తారు. మూడా, మూడుంపావా అన్నంత కచ్చితంగా. ఆ తర్వాత చుట్టుకీ చుట్టుకీ మధ్య గాడి ఎంత లోతుంది, కింద బొడ్డులా ఉండే గుంట తెరుచుకుందా మూసుకుందా, నోరు గుండ్రమా కోలగానా, నోటి లోపల పళ్లలాంటి గట్లున్నాయా, పైన గీతలు అడ్డంగానా నిలువుగానా.. ఇలా ఒక్కో లక్షణం ఒక్కో లైను.

‘ఇది పెద్దదైపోయిన నత్తే, పిల్ల నత్త కాదు’ అని ఎలా తెలుస్తుంది? మంచి ప్రశ్న. రివ్యూ చేసేవాళ్లు మొదట అడిగేది కూడా ఇదే. చాలా నేల నత్తలు పూర్తిగా ఎదిగాక గుల్ల నోటి అంచు మందంగా అవుతుంది, లేదా బయటికి విచ్చుకుంటుంది. ఎదుగుతున్న గుల్లకు అంచు పలచగా, పదునుగా ఉంటుంది. ఇది చూడకుండా రాస్తే, తెలిసిన నత్త పిల్లకే కొత్త పేరు పెట్టిన ఘనత మిగులుతుంది!

మన దేశంలోని ఒక ఉదాహరణ చూస్తే ఇదంతా ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. బొర్రా గుహలో, బెలుం గుహలో చూసినవాళ్లకు సున్నపురాయి గుహ ఎలా ఉంటుందో తెలుసు. మేఘాలయలో చిరపుంజి దగ్గర మాస్మాయ్ గుహ కూడా అలాంటిదే. టూరిస్టులు బాగా వచ్చే చోటు. అక్కడ బెంగళూరులోని ఏట్రీ పరిశోధన సంస్థకు చెందిన నిపు కుమార్ దాస్, ఎన్.ఎ. అరవింద్ 2 మిల్లీమీటర్ల కన్నా చిన్న నత్తను గుర్తించారు. పేరు జార్జిస్సా మాస్మాయెన్సిస్. ఆ ప్రాంతం నుంచి ఇదే ప్రజాతికి చెందిన జార్జిస్సా సారిటా అనే నత్తను 1851లోనే డబ్ల్యూ.హెచ్. బెన్సన్ వర్ణించాడు. మరి ఇది కొత్తదని ఎలా చెప్పారు? ముఖ్యమైన తేడాల్లో ఒకటి: పాతదాని గుల్ల చివరి చుట్టు మీద స్పష్టమైన గీతలు ఏడు. కొత్తదానికి నాలుగు. ఆ గీతలు లెక్కపెట్టడానికి, పాతదాన్ని వెతికి పోల్చడానికి మనిషి దొరికేసరికి 170 ఏళ్లు పట్టింది.

పాతదాన్ని వెతకడం అన్నది చిన్న పనేం కాదు. మన నత్తల గురించి మొదట రాసినవాళ్లలో చాలామంది బ్రిటిష్ కాలం నాటి ఉద్యోగులు. బెన్సన్ సివిల్ సర్వెంట్. ఇంకొకరు గాడ్విన్ ఆస్టిన్. కారకోరం పర్వతాల్లో సర్వే చేసిన ఇంజినీరింగ్ బుర్ర. కే2 శిఖరానికి ఆయన పేరు కూడా వాడుకలో ఉండేది. ఆయన నత్తల కలెక్షన్ లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉంది. ఇవాళ ఇక్కడ ఒక గుల్ల కొత్తదని చెప్పాలంటే, అక్కడి పెట్టెలో ఉన్న గుల్లతో పోల్చాలి. ప్రయాణం, అనుమతులు, ఖర్చు. లేదంటే వాళ్లు పంపే ఫొటోలు. ఫొటో బాగా లేకపోతే పని మళ్లీ మొదటికి.

పేరులో ఏముంది?

చాలా ఉంది. ‘నానా’ అంటే లాటిన్‌లో మరుగుజ్జు. ‘సామియాన్’ మాటకు మూలం గ్రీకులో ఇసుక రేణువు. లావోస్‌లో దొరికిన అంగుస్టోపిలా కాప్రోలోగోస్ పేరుకు అర్థం చెబితే నవ్వొస్తుంది.. పేడ పోగేసేది అని! దాని గుల్ల మీద సన్నని మట్టి ఉండలు దండ గుచ్చినట్టు వరసగా అతికి ఉంటాయి. బహుశా అవి దాని మలమే కావచ్చంటున్నారు. ఎందుకు అతికించుకుంటుందన్నది ఇంకా తేలలేదు. డొమినికే అన్నది ఆ పేపర్ మొదటి రచయిత భార్య పేరు మీద పెట్టింది.

బ్రూనై అడవుల్లో దొరికిన ఇంకో నత్త కథ కాలేజీ విద్యార్థులకు బాగా నచ్చుతుంది. దాని సైజు 2 మిల్లీమీటర్ల లోపే. దాన్ని కనిపెట్టింది పెద్ద ప్రొఫెసర్ల బృందం మాత్రమే కాదు. ఫీల్డ్ కోర్సుకు వచ్చిన మామూలు ఔత్సాహికులు, స్థానికులు కూడా ఉన్నారు. స్కిల్ట్‌హౌజెన్ వాళ్లకు దగ్గరుండి పని నేర్పారు. వాళ్లంతా ఓటేసి పెట్టిన పేరు క్రాస్పెడోట్రోపిస్ గ్రెటాథున్‌బెర్గే. అవును, వాతావరణ ఉద్యమకారిణి గ్రెటా థున్‌బెర్గ్ పేరే. కరవును, విపరీతమైన వేడిని, అడవి నరికివేతను తట్టుకోలేని జాతి కాబట్టి ఆ పేరు పెట్టామని చెప్పారు. 2020లో పేపర్ వచ్చింది. రాసినవాళ్ల జాబితాలో ఆ ఔత్సాహికుల పేర్లూ ఉన్నాయి.

కొండ పోతే జాతి పోతుంది

మలేసియాలోని పెరాక్ రాష్ట్రంలో గునుంగ్ కంథాన్ అనే సున్నపురాయి కొండ ఉంది. అక్కడ దొరికిన ఒక చిన్న నత్తకు 2014లో పెట్టిన పేరు చరోపా లఫార్జీ. లఫార్జ్ అన్నది అప్పట్లో కొండను తవ్వుతున్న సిమెంట్ కంపెనీ పేరు. ‘ఈ నత్త బతుకు ఇప్పుడు మీ చేతిలో ఉంది’ అని పేరులోనే రాసిపెట్టినట్టు. ఒక జాతి పేరు ఇంత సూటిగా మాట్లాడటం చాలా అరుదు.

ఎందుకంత భయం? సున్నపురాయి కొండలు అడవిలో దీవుల్లా విడివిడిగా ఉంటాయి. రవ్వ పలుకంత నత్త ఒక కొండ నుంచి ఇంకో కొండకు నడిచి వెళ్లలేదు. అందుకే కొన్ని జాతులు ప్రపంచం మొత్తంలో ఒకే ఒక్క కొండ మీద ఉంటాయి. కొండను సిమెంట్ కోసం పిండి చేస్తే, ఆ జాతి అక్కడితో సరి. ఇది ఊహ కాదు. మలేసియాలోనే బుకిట్ పాంచింగ్ అనే కొండను క్వారీ పూర్తిగా మింగేసింది. అక్కడ మాత్రమే ఉండే ప్లెక్టోస్టోమా సియాఫిలమ్ అనే నత్త అంతరించిన జాతుల జాబితాలో చేరింది.

దానికి కనీసం జాబితాలో ఒక లైను దక్కింది. అంతకుముందే ఎవరో దాన్ని వర్ణించి, పేరు పెట్టి ఉంచారు కాబట్టి. పేరు లేని జాతి పోతే, పోయిందన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు. పర్యావరణ ప్రభావ నివేదికలో రాయడానికి పేరు ఉండదు. రక్షిత జాతుల జాబితాలో చేర్చడానికి పేరు ఉండదు. కోర్టులో వాదించడానికీ పేరు ఉండదు. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఇదే. వర్ణన అన్నది ఆ ప్రాణికి మన వ్యవస్థలో దొరికే మొదటి కాగితం. రేషన్ కార్డు లేని కుటుంబానికి పథకం రానట్టు, పేరు లేని జాతికి రక్షణ రాదు.

మనకేం పని?

ముందు ఒక మాట సూటిగా చెప్పుకోవాలి. ‘నత్తల వర్గీకరణ నిపుణులు కావలెను’ అని ప్రతి నెలా నోటిఫికేషన్లు రావు. ఉద్యోగాలు తక్కువ, చదువు ఎక్కువ కాలం, మొదట్లో జీతాలూ మామూలే. క్యాంపస్ ప్లేస్‌మెంట్‌తో పోల్చి దిగితే నిరాశ తప్పదు. కానీ పని తెలిసినవాళ్లు అంతకంటే తక్కువ. పైగా ఈ పనికి కావాల్సిన నైపుణ్యాలు వేరే చోట్ల కూడా అన్నం పెట్టేవే.

ఇమేజింగ్: అర మిల్లీమీటరు గుల్లకు ఒకే షాట్‌లో అంతా ఫోకస్ రాదు. వేర్వేరు లోతుల్లో పదుల ఫొటోలు తీసి సాఫ్ట్‌వేర్‌తో కలపాలి. దీన్ని ఫోకస్ స్టాకింగ్ అంటారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్, మైక్రో సీటీ స్కాన్ కూడా వాడతారు. మెటీరియల్స్, మెడికల్ ఇమేజింగ్ ల్యాబుల్లోనూ ఇవే పరికరాలు.

కొలత, డేటా: ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఫొటో మీదే కొలవొచ్చు. వచ్చిన అంకెలను ఆర్‌లో గానీ పైథాన్‌లో గానీ విశ్లేషించాలి. రెండు గుంపులు నిజంగా వేరా, లేక మామూలు తేడాలేనా అన్నది స్టాటిస్టిక్స్ ప్రశ్నే.

మ్యాపింగ్: దొరికిన చోటు జీపీఎస్ వివరాలు, కొండల మ్యాపు, క్వారీల మ్యాపు ఒకదాని మీద ఒకటి వేసి చూడాలి. క్యూజీఐఎస్ ఉచితమే.

డీఎన్ఏ: బతికున్న నత్త దొరికితే సీఓఐ లాంటి జన్యువును చదివి పోలుస్తారు. బయోటెక్, బయోఇన్ఫర్మాటిక్స్ వాళ్లకు ఇది చేతికందే పని.

రాయడం: అన్నిటికన్నా అరుదైనది ఇదే. ‘గుల్ల అందంగా ఉంది’ అని కాదు, ‘చుట్లు ఇన్ని, గాడి లోతు ఇంత, ఫలానా జాతికి ఏడు గీతలైతే దీనికి నాలుగు’ అని రాయగలగాలి. చదివిన వేరే దేశంవాళ్లు యాభై ఏళ్ల తర్వాత కూడా తమ చేతిలోని గుల్ల అదేనా కాదా చెప్పగలగాలి. టెక్నికల్ రైటింగ్, క్వాలిటీ టెస్టింగ్ ఉద్యోగాల్లో అడిగేది సరిగ్గా ఈ అలవాటునే.

ఎక్కడ మొదలుపెట్టాలి?

జువాలజీ, లైఫ్ సైన్సెస్ వాళ్లకు దారి తెలిసిందే. ఎమ్మెస్సీ, తర్వాత సీఎస్ఐఆర్-యూజీసీ నెట్. జేఆర్ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37 వేల రూపాయలు. ఈ పరీక్షకు బీటెక్ వాళ్లకూ అర్హత ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. మార్కుల శాతం, వయసు వివరాలు తాజా నోటిఫికేషన్‌లో చూసుకోండి. గేట్‌లో ఎకాలజీ అండ్ ఎవల్యూషన్ పేపర్ విడిగా ఉంది. తిరుపతి ఐసర్, బెంగళూరులోని ఎన్‌సీబీఎస్, ఏట్రీ, డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట్ల జీవావరణ పరిశోధన నడుస్తోంది.

జడ్‌ఎస్‌ఐ 1916లో మొదలైన సంస్థ. ప్రధాన కార్యాలయం కోల్‌కతా. దాని మంచినీటి జీవశాస్త్ర ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. ప్రాజెక్టుల్లో రీసెర్చ్ ఫెలో పోస్టులకు సంస్థ వెబ్‌సైట్‌లో ప్రకటనలు వస్తుంటాయి. 2024లో జడ్‌ఎస్‌ఐ దేశంలోని జంతుజాతుల జాబితాను ఆన్‌లైన్‌లో పెట్టింది. అందులో లక్షా 4 వేలకు పైగా జాతులున్నాయి. ఏటా దేశంలో కొత్తగా దొరికిన జంతువుల వివరాలతో పుస్తకం కూడా తెస్తుంది. ఒకసారి తిరగేస్తే ఏ జీవుల మీద ఎవరు పనిచేస్తున్నారో, ఏ రాష్ట్రం నుంచి ఎన్ని వస్తున్నాయో ఒక అవగాహన వస్తుంది.

ఇవన్నీ తర్వాత సంగతి, ఇప్పుడేం చేయాలంటారా? ఒక వారాంతంలో చేయగలిగేవి మూడు చెబుతాను.

ఒకటి: ఆక్మెల్లా నానా పేపర్ ఉచితంగా చదవొచ్చు. జూకీస్ ఓపెన్ యాక్సెస్ జర్నల్. మొత్తం అక్కర్లేదు. ఒక్క జాతి వర్ణన చదివి, ప్రతి లైను ఏ ప్రశ్నకు జవాబో పక్కన రాసుకోండి.

రెండు: పెరట్లోనో, కాలేజీ ఆవరణలోనో వానాకాలంలో కనిపించే నత్తను ఫోన్‌తో మూడు వైపుల నుంచి ఫొటో తీయండి. నోటి వైపు, పై నుంచి, కింది నుంచి. పక్కన స్కేలు పెట్టడం మరవొద్దు. ఐనాచురలిస్ట్‌లో పెడితే గుర్తుపట్టేవాళ్లు ఉంటారు. అడవుల్లో, గుహల్లో మాత్రం అటవీశాఖ అనుమతి లేకుండా ఏదీ ఏరకండి. మట్టి కూడా.

మూడు: ఆ ఫొటోలు చూడని స్నేహితుడికి ఆ నత్తను వంద మాటల్లో రాసి పంపండి. ‘బాగుంది’, ‘చిన్నది’, ‘వింతగా ఉంది’ అన్న మాటలు వాడకూడదన్నది షరతు. తర్వాత అయిదారు రకాల నత్తల ఫొటోలు కలిపి పంపి, మీరు రాసింది దేని గురించో చెప్పమనండి. చెప్పగలిగితే మీకు ఈ పని వస్తుందని అర్థం. చెప్పలేకపోతే ఏ మాట దారి తప్పించిందో అడిగి, దాన్ని మార్చి మళ్లీ రాయండి. శాస్త్రవేత్తలు రివ్యూయర్లతో చేసేదీ ఇదే.